పరదేశి మొక్కు

మిల్లు లేవలేదని చెప్పి కిందటివారం మిమ్మల్ని గేటు దగ్గరే నిలబెట్టి వచ్చేశాను. తిట్టుకునే ఉంటారు. తిట్టినా తప్పులేదు గానీ, ముందు లోపలికి రండి. జరిగింది రెండు ముక్కల్లో చెప్పేసి అసలు గొడవలోకి దిగుదాం.

భిలాయి దగ్గర ఉర్లా కార్ఖానాల పేటలో ఇనప కడ్డీలు చేసే మిల్లు అది. విశ్వకర్మ పూజకి ఒకరోజు మూసి, మర్నాడు పొద్దున్న మెయిన్ వేశారు. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, కొలిమి రాజుకుంది. కడ్డీలు తీసే యంత్రాలు మాత్రం కదల్లేదు. ఏ మోటారు ఎప్పుడు తిరగాలి, ఎర్రగా కాలిన కడ్డీ ఎక్కడ తెగాలి అన్న లెక్కంతా కంట్రోలర్ అనే ఒక పెట్టె చూసుకుంటుంది. ఆ లెక్క దాని మెమరీలోంచి తుడిచిపెట్టుకుపోయింది. ముందురోజు, అంటే పూజ రోజున, ఆ పెట్టెలో బ్యాటరీ మార్చినవాడు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ కొండలరావు.

ఆఫీసులో దాచిన నకలు ఫ్లాపీని బయటికి తీస్తే బూజు పట్టి ఉంది. లెక్క మళ్ళీ మొదట్నుంచి రాయించాలంటే రెండు నెలలు మిల్లు పడుకోవాలి. "ఎల్లుండి పొద్దుటి షిఫ్టుకి మిల్లు నడవకపోతే కొండలరావు ఇంటికి వెళ్ళాలి. ఊరికే కాదు, కావాలని చెడగొట్టాడన్న పేరుతో వెళ్ళాలి" అని జనరల్ మేనేజర్ మురళీమోహన్ షెడ్డులో అందరి ముందూ అనేశాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న మనిషి ఆ మాట విని తన టూల్‌బ్యాగు తానే సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అది చూడలేక నీలిమ పుణెకి ఫోన్ చేసింది. నీలిమ ఆ మిల్లులోనే కొలిమి వైపు చూసుకునే ఇంజినీరు. పుణెలో ఆ కంట్రోలర్ బిగించిన పాత ఇంజినీరు ఎక్కడో మనవడితో ఆడుకుంటూ ఫోన్ ఎత్తి, "మెమరీ క్యాసెట్టు ఒకటి స్పేర్‌గా ఇచ్చాం కదమ్మా. అందులో లెక్కంతా ఉంటుంది. గూట్లో పెట్టి మెయిన్ వేస్తే పెట్టెలోకి ఎక్కేస్తుంది. అప్పటి మీ ఫోర్‌మన్ పరదేశి చేతికే ఇచ్చాను" అన్నాడు.

పరదేశి నీలిమ తండ్రి. కొండలరావు నీలిమ మేనమామ. ఆ బావా బావమరుదులు ముఖాముఖి మాట్లాడుకుని మూడేళ్ళయింది.

ఇదీ సంగతి. ఇప్పుడు మధ్యాహ్నం. మోవా పేటలో పరదేశి ఇంటి ముందు నీలిమ స్కూటీ ఆపింది. వెనక సీటు మీంచి కొండలరావు దిగాడు గానీ, చెప్పులు విడవలేదు.

"నాను గేటు కాడ నిలబడతాను. నువ్వెళ్ళి అడిగి తీసుకురా" అన్నాడు.

"మావయ్యా, అడగాల్సింది నువ్వు. పోయేది నీ నౌకరీ. నాన్న నాకు చెప్పేవాడైతే ఇన్నాళ్ళలో చెప్పేవాడు కాదా?"

"మీ నాన్న గుమ్మం తొక్కనని అన్నానమ్మా."

"ఎవరితో అన్నావు?"

కొండలరావు ఆలోచించాడు. ఎవరితోనూ అనలేదు. తనలో తనే అనుకున్నాడు. తనలో తను అనుకున్న మాటని మూడేళ్ళు నిలబెట్టుకున్న మొండిఘటం, మేనకోడలు చెయ్యి పట్టుకుని లాగితే మాత్రం గొర్రెపిల్లలా లోపలికి నడిచాడు.

నీలిమ తల్లి వరహాలమ్మ వంటింటి గడప మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. తమ్ముణ్ణి చూసి కత్తిపీట పక్కకి జరిపింది. ఏడుస్తుందేమోనని నీలిమ భయపడింది గానీ, వరహాలమ్మ అలాంటి మనిషి కాదు.

"కాళ్ళు కడుక్కునొచ్చి కూకో. అన్నం తిన్నావేటి?" అంది, పొద్దున్నే వచ్చి వెళ్ళిన మనిషిని అడిగినట్టు.

"తిన్లేదప్పా."

"తిననే తినవు. నాను పంపిన గిన్నె ఏటయ్యింది?"

ఆ గిన్నె కథ మీకు చెప్పాలి. మొగుడూ తమ్ముడూ మాటలు మానేసినా వరహాలమ్మ కూర పంపడం మానలేదు. నీలిమ మిల్లుకి వెళ్ళేటప్పుడు రెండు క్యారియర్లు ఉంటాయి, ఒకటి తనకి, ఒకటి మావయ్యకి. రెండో క్యారియర్ కట్టే వేళకి పరదేశి పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. చూడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదని ఆయన లెక్క.

ఆ పరదేశి ఇప్పుడు ముందుగదిలో చాప మీద కూర్చుని పక్కింటివాళ్ళ మిక్సీ విప్పుతున్నాడు. రిటైరైన దగ్గర్నుంచి వీధిలో ఏ మిక్సీ మొరాయించినా ఆయన దగ్గరికే వస్తుంది. బావమరిది లోపలికి రావడం చూశాడు. చూసి, స్క్రూడ్రైవర్ మరింత శ్రద్ధగా తిప్పాడు.

"నీలూ, మీ మావయ్యని కుర్చీలో కూకోమను."

"అప్పా, బావకి సెప్పు, నాను కూకోడానికి రాలేదు."

"నిలబడే మాట్లాడమను మరి. మనకేటి."

"మాట్లాడేదీ లేదు. క్యాసెట్టు ఇమ్మను, ఎల్లిపోతాను."

నీలిమకి ఒళ్ళు మండింది. కుర్చీ తెచ్చి ఇద్దరి మధ్యా ధడాలున వేసి తనే కూర్చుంది. మిల్లు ఆగిన సంగతీ, మురళీమోహన్ పెట్టిన గడువూ, పుణె ఇంజినీరు మాటా అన్నీ తండ్రికి చెప్పింది. పరదేశి తలెత్తకుండా విన్నాడు. మెమరీ పోయిందన్న మాట దగ్గర మాత్రం ఆయన చెయ్యి ఆగింది.

"బ్యాటరీ ఎప్పుడు మార్చినాడు?"

"పూజ రోజున."

"ఎలా మార్చినాడు?"

ఈసారి కొండలరావే చెప్పాడు. "ఎలా మారుస్తారు? మెయిన్ ఆపి."

పరదేశి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. మూడేళ్ళలో మొదటిసారి బావమరిది మొహంలోకి సూటిగా చూశాడు.

"ఆ ప్యానెల్ మెయిన్ ఆపినావా? నా మొక్కుండగా?"

ఆ మొక్కు సంగతి మిల్లులో తెలియనివాడు లేడు. పూజ రోజున ఉర్లాలో ఏ కార్ఖానా చూసినా అన్నీ ఆపేస్తారు. యంత్రాలు కడుగుతారు, తుడుస్తారు, పసుపూ కుంకుమా పెడతారు, ఆ ఒక్కరోజూ వాటికి సెలవు. పరదేశి ఫోర్‌మన్‌గా ఉన్నంతకాలం ఆ మిల్లులోనూ అన్నీ ఆగేవి, ఆ కంట్రోలర్ పెట్టె ఉన్న చివరి ప్యానెల్ ఒక్కటి తప్ప. దాని హ్యాండిల్‌కి ఎర్ర చున్నీ కట్టి ఉండేది. దాని మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉండేది. మహామాయ తల్లికి పరదేశి మొక్కుకున్నాడనీ, నవరాత్రుల్లో గుళ్ళో జ్యోతులు ఆరకుండా కాపాడినట్టు ఈ దీపమూ ఆరకూడదనీ అందరూ అనుకునేవారు. కూలీలు దానికి దండం పెట్టి డ్యూటీ ఎక్కేవారు. మిల్లు యజమాని సేఠ్ గారి భార్య ఏటా అగరొత్తుల కట్ట పంపేది. తుడిచే గుడ్డ పట్టుకుని ఒక్కడూ ఆ ప్యానెల్ దగ్గరికి వెళ్ళేవాడు కాదు.

"మొక్కుంటే మాత్రం" అన్నాడు కొండలరావు. "దేవుడికి దండం వేరు, ప్యానెల్ తెరవడం వేరు బావా. కరెంటున్న ప్యానెల్లో చెయ్యి పెట్టనని నాను ఒట్టేసుకున్నాను. భిలాయిలో కాంట్రాక్టు పనిలో ఉన్నప్పుడు చందుగాడు నా పక్కనే నిలబడి మాడిపోయినాడు. నీకూ తెలుసు ఆ సంగతి. మొదటి రెండేళ్ళూ నీ మొక్కని జనం అంటే ఊరుకున్నాను. ఈ ఏడు పూజకి ముందు బ్యాటరీ అయిపోయిందని పచ్చదీపం పక్కన పసుపుదీపం వెలిగింది. మార్చాలి కదేటి? మిల్లు నడిచేటప్పుడు మారిస్తే ప్రమాదం, అన్నీ ఆగిన రోజైతే మంచిదనుకున్నాను. కొత్త బ్యాటరీ కొని తెచ్చి, మెయిన్ ఆపి, టెస్టరుతో రెండుసార్లు చూసుకుని మరీ తెరిచాను."

చెప్పడం అయ్యాక అతను నిటారుగా నిలబడ్డాడు. తప్పు చేసినవాడిలా లేడు, జాగ్రత్తపడ్డవాడిలా ఉన్నాడు. అతని షిఫ్టుల్లో ఇంతవరకు ఒక్కడి వేలు కూడా కాలలేదు. ఆ సంగతి పరదేశికీ తెలుసు.

పరదేశి మిక్సీ మరలు ఒక్కొక్కటే ఏరి మూతలో వేశాడు.

"మొక్కూ లేదు, గిక్కూ లేదు" అన్నాడు చివరికి.

"ఏటి?" అంది వంటింట్లోంచి వరహాలమ్మ.

"మొక్కు లేదే. ఎప్పుడూ లేదు. ఆ పెట్టె మెమరీ పాతకాలపుది. కరెంటున్నంతసేపు కరెంటు దాన్ని కాస్తాది. కరెంటు పోతే లోపల బ్యాటరీ కాస్తాది. ఒకటి తీసినప్పుడు రెండోది ఉండాల. అంచేత బ్యాటరీ మార్చాలంటే మెయిన్ వేసి ఉండాల. లోకంలో ఉన్న ప్యానెళ్ళన్నిటికీ ఒక రూలు, దీనికి దాని తల్లకిందులు."

కొండలరావు పక్కన గోడ ఉంది కాబట్టి సరిపోయింది. దానికి ఆనుకున్నాడు.

"పూజొస్తే జనం ప్రతి డబ్బా తెరుస్తారు, తడిగుడ్డ పెడతారు" అన్నాడు పరదేశి. "సెప్పినాను, వినలేదు. హిందీలో బోర్డు రాయించి పెట్టినాను. మర్నాడు చూస్తే ఆ బోర్డుకి ఎవడో ఖైనీ సున్నం వేలు తుడిచినాడు. ఒక ఏడు మెమరీ పోవాల్సింది, గండం గట్టెక్కింది. అప్పుడు గుడికెళ్ళి ఒక చున్నీ కొనుక్కొచ్చి కట్టి, మహామాయ తల్లికి మొక్కుకున్నానని సెప్పినాను. అంతే. సెప్తే వినని మనుషులు మొక్కంటే ముట్టుకోలేదు. ఆ పూజ పూటే, అందరూ ఖిచిడీ తినడానికెళ్ళినప్పుడు, దీపం వెలుగుతుండగానే నాను బ్యాటరీ మార్చుకునేవాణ్ణి."

నీలిమకి నవ్వు రావలసింది. రాలేదు. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు కామెర్లు వచ్చి చావుదాకా వెళ్ళింది. ఆమె బతికితే దీపం ఆరనివ్వనని తండ్రి మొక్కుకున్నాడని ఇంట్లో చెప్పుకునేవారు. మిల్లులో చేరిన మొదటిరోజు ఆమె ఎవరూ చూడకుండా వెళ్ళి ఆ ఆకుపచ్చ దీపం ముందు కాసేపు నిలబడింది. తండ్రి నోటితో ఎన్నడూ ప్రేమగా ఒక మాట అనడు, ఆ దీపమే ఆ మాట అనుకుంది.

"నాకు కామెర్లొచ్చినప్పుడు మొక్కావని అమ్మ చెప్పింది" అంది.

"ఆయనే నాతో అలా సెప్పినారు" అంది వరహాలమ్మ. ఆవిడ చేతిలో బీరకాయ అలాగే ఉండిపోయింది.

"ఎవరైనా ఎందుకు మొక్కినావని అడిగితే ఏదో ఒకటి సెప్పాల కదా" అన్నాడు పరదేశి. కూతురి వైపు చూడలేకపోయాడు. "నీకు కామెర్లొచ్చినప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినాను. పద్దెనిమిది రోజులు ఆస్పత్రి వరండాలో పడుకున్నాను. మొక్కడానికి తీరిక ఎక్కడ దొరికింది?"

నీలిమకి కోపం వచ్చింది, కోపంతోపాటు ఏడుపూ వచ్చింది. రెండింట్లో ఏదీ బయటికి రానివ్వలేదు. వచ్చిన పని వేరే ఉంది.

"బ్యాటరీ బయట ఉన్నది ఎంతసేపు?" అని పరదేశి బావమరిదిని అడిగాడు. ఇప్పుడు మధ్యలో ఎవరినీ పెట్టలేదు. అడిగే తీరు పాత ఫోర్‌మన్ తీరు.

"పాతది తీశాను. కొత్తది పెట్టబోతుంటే హారతికి పిలిచారు. కొబ్బరికాయ ఫోర్‌మనే కొట్టాల కదా. జేబులో వేసుకుని వెళ్ళాను. పంతులు మంత్రాలు ముగించేసరికి అరగంటైంది."

"అయ్యో కొండలూ. కరెంటు లేకపోయినా కాసేపు నిలబడే శక్తి ఉన్నాది దానికి. అయిదు నిమిషాలు. కొత్తది నొక్కేసి వెళ్ళుంటే ఏటీ అయ్యేది కాదు."

"అది నాకెవులు సెప్పినారు?"

కొండలరావు గొంతు పెంచలేదు. అడిగాడంతే. మిక్సీ ముక్కల మధ్య కూర్చున్న పరదేశి మూతలోని మరలు అటూ ఇటూ కదిపాడు.

"నువ్వు ఇరవై ఏళ్ళు ఆ ప్యానెల్ చూశావు" అన్నాడు కొండలరావు. "అన్నేళ్ళూ నాను నీ చేతికింద పని చేశాను. ఊరందరికీ అబద్ధం సెప్పు, నాకు సెప్పకూడదా? బావమరిదినే కదా, బయటివాణ్ణేటి? మిల్లు నా చేతిలో పెట్టినప్పుడు ఆ ఒక్క ముక్కా నా చెవిలో వేస్తే నీ సొమ్మేటి పోయింది?"

"నువ్వు ఆ రోజు వచ్చినావా, సెప్పడానికి?"

అక్కడికి వచ్చింది. మూడేళ్ళ నుంచి ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అదే. రిటైరైన మనిషిని తోటివాళ్ళు దండలు వేసి, డప్పులతో ఇంటిదాకా దింపడం అక్కడి ఆనవాయితీ. పరదేశిని దింపడానికి షిఫ్టు షిఫ్టంతా వచ్చింది. సొంత బావమరిది రాలేదు. ఫోర్‌మన్ కుర్చీ దొరికిన సంబరంలో వాడికి బావ ఎందుకు గుర్తుంటాడు అని పరదేశి ఆ దండలతోనే నిలబడి అన్నాడు. ఆ మాట రాత్రికల్లా కొండలరావు చెవిన పడింది.

"ఆ రోజు కడ్డీలు కోసే షియర్ మోటారు కాలిపోయింది బావా" అన్నాడు కొండలరావు. "నువ్వు గేటు దాటిన పది నిమిషాలకి. నూనె మరకలతో నీ ఇంటికి ఎలా రాను? నా చోటులో నువ్వుంటే మోటారు వదిలేసి వచ్చేవాడివా?"

పరదేశి ఆలోచించాడు. "రాను" అన్నాడు.

"మరి?"

వంటింట్లోంచి వరహాలమ్మ లేచి వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మూడేళ్ళుగా నా పిల్ల మీ ఇద్దరి మధ్యా కూర గిన్నె మోస్తున్నాది. ఆ గిన్నెతో ఒక్క మాట పంపితే అదేటి బరువైపోయేదా? ఈయన సెప్పడు, నువ్వు అడగవు. మీ పౌరుషాలు పప్పులో వేసుకుని తినండి. ఇప్పుడు వాడి నౌకరీ పోతే, వాడి మీద చెడ్డపేరు పడితే, ఎవులు మోస్తారు?"

ఆవిడ అంత మాట్లాడటం నీలిమ ఎప్పుడూ వినలేదు. పరదేశి తల వంచుకున్నాడు. కొండలరావు చెప్పులు ఎక్కడ విడిచాడో వెతుక్కున్నట్టు నేల వైపు చూశాడు.

"తప్పు నాదేలే" అన్నాడు పరదేశి. పెద్దగా అనలేదు, కానీ అందరికీ వినబడింది. "నా తరవాత వచ్చేవాడు మొక్కుని నమ్మకపోతే ఏటవుతాదని ఆలోచించలేదు."

"క్యాసెట్టు ఉంటే ఎవరి తప్పయినా ఫరవాలేదు నాన్నా" అంది నీలిమ. "దాన్ని ఎక్కడ పెట్టావో చెప్పు. దాంట్లో కూడా బ్యాటరీ ఉంటుందన్నాడు పుణె ఆయన. అది బతికుందా?"

"బతికే ఉంటాది. రూపాయి బిళ్ళంత బ్యాటరీ, అయిదేళ్ళు కాస్తాది. నా ఆఖరి పూజ నాడు కొత్తది వేసినాను."

"అయితే తీసుకురా."

"నా కాడ లేదమ్మా. మీ మావయ్య కాడే ఉన్నాది."

కొండలరావు తలెత్తాడు. "నా కాడా? నాకెప్పుడిచ్చావు?"

"ఆఖరి రోజు. తాళాల గుత్తితోబాటు."

"తాళాలిచ్చావు. ఇంకేటీ ఇవ్వలేదు."

"ఎర్ర గుడ్డ మూట ఇచ్చినాను. ఇది విప్పొద్దు, ఆ ప్యానెల్ లోపలే ఉంచు అని సెప్పినాను."

వీధిలో కూరలబండివాడు గోబీ, టమాటర్ అని అరుస్తూ వెళ్ళిపోయాడు.

"అది కొబ్బరికాయ" అన్నాడు కొండలరావు నెమ్మదిగా. "మొక్కు కొబ్బరికాయ. చేత్తో పట్టుకుంటే తెలిసింది."

"డొల్ల. లోపలి కొబ్బరి తీసేసి, రెండు చిప్పల మధ్య క్యాసెట్టు పెట్టి, తాడు చుట్టి, పైన చున్నీ కట్టినాను. స్టోరులో పెడితే ఎవడో పాత సామానని తుక్కులో అమ్మేస్తాడు. మొక్కు కొబ్బరికాయని ఎవడూ అమ్మడు." పరదేశి బావమరిదికేసి చూశాడు. "నువ్వడుగుతావనుకున్నాను కొండలూ. ఇదేటి బావా, ప్యానెల్లో కొబ్బరికాయేటి అని ఒక్కసారి నా గుమ్మంలోకొచ్చి అడుగుతావనుకున్నాను. ఎదురు చూసినాను."

తండ్రి మొహం చూసింది నీలిమ. ఆయన అబద్ధం అంతా అర్థమైంది ఆమెకి. జనం కోసం కట్టింది ఒక మొక్కు. బావమరిది తన గుమ్మం ఎక్కాలని కట్టింది రెండోది. ఆయన మీద కోపం అప్పుడే కొంచెం తగ్గింది. పిచ్చి నాన్న అనుకుంది.

"సరే, ప్యానెల్లోనే ఉందిగా" అంటూ ఆమె స్కూటీ తాళం తీసుకుని లేచింది. "పద మావయ్యా. నాన్నా, నువ్వూ రా. ఇవాళే పెట్టి చూద్దాం."

కొండలరావు కదల్లేదు.

"ప్యానెల్లో లేదు" అన్నాడు.

"మరెక్కడుంది?"

"బ్యాటరీ మార్చడానికి ప్యానెల్ తుడవాల కదా. మూట బయటికి తీశాను. నాకు మొక్కు మీద నమ్మకం లేకపోయినా, తల్లి పేరు మీద కట్టింది చెత్తలో వెయ్యలేను. విశ్వకర్మ పాదాల కాడ పెట్టేశాను."

నీలిమ చప్పున ఫోన్ బయటికి తీసింది. పూజ మర్నాడు విగ్రహాన్ని ట్రాక్టరు మీద ఖారూన్ నదికి తీసుకెళ్తారు. పాదాల దగ్గర ఉన్న పూలూ, పత్రీ, కొబ్బరికాయలూ, చున్నీలూ అన్నీ విగ్రహంతోపాటే నీళ్ళలోకి వెళ్తాయి. మామూలుగా అయితే సాయంత్రం షిఫ్టు దిగాక బయల్దేరతారు. ఇవాళ మిల్లే లేదు. ఊరికే కూర్చున్న జనాన్ని చూసి మురళీమోహన్, "ఆ పనైనా పూర్తి చేసి రండి" అని మధ్యాహ్నమే పంపేశాడు. ఇందాక తను మావయ్యని ఎక్కించుకుని గేటు దాటుతుంటే ట్రాక్టరుకి అరటిపిలకలు కట్టడం ఆమె కళ్ళారా చూసింది.

ట్రాక్టరు వెంట వెళ్ళింది ఫిట్టర్ చిన్నారావు. అతనికి ఫోన్ చేసింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తాడు. అతని గొంతు కంటే ముందు డప్పులు వినిపించాయి.

"చిన్నారావ్, ఎక్కడున్నారు?"

"ఘాట్ కాడికి వచ్చేశామండీ మేడమ్. విగ్రహం దింపుతున్నారు."

"విగ్రహం పాదాల దగ్గర ఎర్ర గుడ్డ మూట ఉందా, చూడు."

"పరదేశి ఉస్తాద్ మొక్కు మూటే కదండీ? నా చేతిలోనే ఉంది. అందరూ దండం పెట్టుకుంటున్నారు. ముందు అది వేసి తరవాత విగ్రహం వెయ్యాలన్నారు పెద్దలు. మొక్కుని కదిపినందుకే మిల్లు ఆగిందంట కదండీ, తల్లి కోపం తగ్గాలని..."

"వెయ్యకు చిన్నారావ్. అది అలాగే పట్టుకుని ఉండు. వింటున్నావా?"

"హలో? ఏటండీ? డప్పులండీ, వినబళ్ళేదు."

పరదేశి కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. ఇన్నేళ్ళూ మిల్లులో ఎవరికీ చెప్పని మాట, ఇప్పుడు వీధి వీధంతా వినేలా అరిచి చెప్పాడు.

"ఒరే చిన్నా, నాను పరదేశిని. అది మొక్కు కాదురా. మొక్కు లేదు, నాను అబద్ధం సెప్పినాను. దాన్లో మిల్లు సామానుంది. వెయ్యకండి."

డప్పుల మధ్యనుంచి చిన్నారావు గొంతు భయంగా, బుజ్జగిస్తున్నట్టు వచ్చింది.

"తప్పు ఉస్తాద్. ఈ టైములో అలాంటి మాట అనకూడదు. తల్లి వింటాది."

"ఒరే, నా మాట విను..."

డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో పెద్దగా జై కొట్టారు. ఆ వెంటనే ఫోన్ తెగిపోయింది.

పరదేశి ఫోన్‌ని చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు. కొండలరావు గోడవారగా కూలబడి రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు జాగ్రత్తగా పని చేసిన మనిషికి, తన చేత్తోనే తన నౌకరీని నీళ్ళలో వేయించుకున్నానని తెలిసిపోయింది. నీలిమ స్కూటీ తాళాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

వరహాలమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి ఏదో ఆలోచిస్తోంది.

"ఏటండీ" అంది మొగుడితో, "కొబ్బరి డొల్ల నీట్లో మునుగుతాదేటి?"

బావా బావమరుదులు తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.